ఒక ఇంట్లో రెండు నడుము నొప్పులు

“అక్కా, పిల్లకు జర నువ్వు అన్నం తినిపియ్యవా? నాతోని అయితలేదు.”

“నాకేమన్న పది చేతులున్నయా? నీ పిల్లకు నువ్వే తినిపిచ్చుకో, పో.”

నేనూ మా చెల్లెలూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. నేను చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. ఈ రెండు మాటలు ఇన్నేళ్ళుగా నా కడుపులోనే ఉన్నాయి. మా ఆయన బతికున్నన్నాళ్ళు ఆయనకు కూడా చెప్పలేదు. మొన్న సోమవారం మా ఇంట్లో జరిగినది జరగకపోయి ఉంటే నాతోపాటే గోదావరిలో కలిసేవి.

నాకు చదువు రాదు. పింఛను కాగితం మీద సంతకం గీయడం వరకే తెలుసు. అందుకని నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తున్నది. అన్నం తినిపించమని తను అడిగింది ఈ పిల్లకే. అప్పుడు మూడేళ్ళది, ఇప్పుడు ప్రైవేటు బడిలో టీచరు, ఐదో నెల కడుపుతో ఉన్నది. నేను మా మాటలో చెబుతున్నాను, తను పుస్తకాల్లో ఉన్నట్టు సరిచేసి రాస్తున్నది. మాట ఎట్లా రాసినా సరే, సంగతి మాత్రం మార్చకూడదని కూర్చోబోయే ముందే ఒట్టు వేయించుకున్నాను. ఎందుకు వేయించుకుంటున్నానో తనకు అప్పటికి తెలియదు.

మొన్న సోమవారం మధ్యాహ్నం మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో పలకలాంటి ట్యాబు, మెడలో గుర్తింపు కార్డు, ఎండకు ఎర్రబడిన ముఖం. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ మనసు ఎట్లా ఉంటుంది, ఏళ్ళ తరబడి పోని నొప్పులు వాళ్ళను ఏం చేస్తాయి అని ఈ బొగ్గుబాయిల పక్క ఊళ్ళలో పరిశోధన చేస్తున్నామని చెప్పింది. మంచి పిల్ల. చెప్పులు గుమ్మం బయటే విడిచి, చాప మీద కూర్చొని, మా పిల్లను ఒక్కొక్కటే మెల్లగా అడిగింది. నిద్ర పడుతుందా, ఊరికే ఏడుపు వస్తుందా, నడుములో గానీ తుంటిలో గానీ నొప్పి ఉందా, ఉంటే ఎంత ఉంది అని ట్యాబులో వరుసగా ముఖాల బొమ్మలు చూపించింది. ఒక కొనకు నవ్వే ముఖం, ఇంకో కొనకు ఏడ్చే ముఖం. నేను లోపలి గదిలో మంచం మీద పడుకొని తెర సందులోంచి అంతా చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే ఊరి పక్కన భూమిని పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. గోడకున్న అరలో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి, నా మంచం కింది నేల ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలింది, ఆ అమ్మాయి చేతిలోని ట్యాబు జారబోయింది.

“ఏం కాదు మేడం, గిది రోజూ అయ్యేదే. మా గోడలకు గూడ అలవాటైంది,” అని మా పిల్ల నవ్వింది. ఆ నవ్వుతోనే చెయ్యి చాపి నవ్వే ముఖం మీద వేలు పెట్టింది. “నొప్పా? ఏం లేదు. అంత మంచిగనే ఉన్నది.”

ఆ మాట అని నీళ్ళు తేవడానికి లేచింది. లేచేటప్పుడు ఎడమచెయ్యి బీరువాకు ఆనించి, పళ్ళు బిగబట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నిలబడింది. ఆ అమ్మాయి ట్యాబులోకి చూస్తున్నది, చూడలేదు. నేను చూశాను. ఇరవై ఏడేళ్ళ కింద ఇదే మాట, ఇదే గొంతు, ఇట్లాగే గోడకు ఆనిన చెయ్యి. ఆ పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు. పెంచినదాన్ని నేనే కదా.

పోయే ముందు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, అవ్వా, మీ కాలంలో ఎట్లా ఉండేదో గుర్తున్నంత చెప్పండి, లేదంటే ఎవరితోనైనా రాయించి పెట్టండి, వచ్చే సోమవారం మళ్ళీ వస్తాను అన్నది. అందుకని రాయిస్తున్నాను. ఆ అమ్మాయి కోసం కొంత, నా ఈడు ఆడవాళ్ళ కోసం కొంత. ఆ రోజుల్లో బాయి కంపెనీ వరుసగా కట్టిన లైన్ క్వార్టర్లలో బతికినవాళ్ళకు నేను చెప్పేది వింతగా ఉండదు. మీలో చాలామంది నాలాగే చేసి ఉంటారు.

మా బాపు కోల్ ఫిల్లరు. బాయిలోకి దిగి, చెమ్మసు అనే పెద్ద పారతో బొగ్గును తట్టకెత్తి, తట్టను నెత్తికెత్తి పట్టాల మీది టబ్బులు నింపే పని. మిషన్లు రాని కాలమది. మా అమ్మ పోయేనాటికి చెల్లెలికి ఏడేళ్ళు, నాకు పద్నాలుగు. కొడుకులు లేరు. నేనే దానికి జడలు వేసి, బడికి తోలి, పెళ్ళీడుకు తెచ్చాను. నాకు బాయిలోనే పనిచేసే మనిషితో పెళ్ళైంది, బాపు క్వార్టరుకు రెండు గుమ్మాల అవతలే మా క్వార్టరు. చెల్లెలికి మాత్రం గోదావరి అవతలి ఊరి నుంచి ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చాం. ఎందుకు తెచ్చామో మా బొగ్గు బెల్టులో వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. బాపు ఒంట్లో సత్తువ అయిపోయింది, మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అని రాస్తే ఆయన ఉద్యోగం ఇంట్లో ఉన్న అల్లుడికి వస్తుంది. ఆ ఒక్క మాట ఒక కాగితం మీద పడితే ఇల్లు నిలబడుతుంది. పడకపోతే రిటైరైన నాడు క్వార్టరు ఖాళీ చేసి, పొలం లేని ఊరికి తిరిగి పోవాలి. వారసత్వం ఉద్యోగాలు ఇక ఆపేస్తారట అని పుకార్లు కూడా వస్తుండేవి. ప్రతి ఇంట్లో అదే ఫికరు.

కానీ బాపుతో ఒక చిక్కు ఉండేది. ఆయన నోట నొప్పి అనే మాట రాదు. ఫిల్లరన్నవాడు నొప్పి అంటే నామోషీ. నడుము కింద ఎడమపక్క ఆయనకు ఎప్పుడూ సలుపే, చెప్పులు వేసుకోవడానికి వంగలేడు, అయినా ఎవరడిగినా ఏం లేదనేవాడు. అందుకని బోర్డు పిలుపు రాకముందు నుంచే ఇంట్లో ఆయనకు నేర్పడం మొదలుపెట్టాం. ఇట్లా నేర్పడం మా ఇంట్లోనే కాదు, లైనులో ప్రతి ఇంట్లో ఉండేది. సాయంత్రం డ్యూటీ దిగివచ్చి మా ఆయన కుర్చీ వేసుకొని డాక్టరులా కూర్చునేవాడు, బాపు ఎదురుగా నిలబడేవాడు, బోర్డుకు రెండుసార్లు పోయివచ్చిన పక్క క్వార్టరు కాక తప్పులు దిద్దేవాడు.

“నొప్పి ఎక్కడున్నదయ్యా?”

“గంత నొప్పేం లేదు సారూ. ఇంగో మూడు టబ్బులు నింపమన్న నింపుత.”

“ఓ అన్నా! నిన్ను బోర్డుకు తోలితే అన్‌ఫిట్ కాదు, ప్రమోషన్ ఇచ్చి పంపుతరు,” అని కాక నెత్తి పట్టుకునేవాడు.

“మూలుగు మామా, జర మూలుగు. ఉన్న నొప్పే గదా, చెప్పుతానికి సిగ్గేంది?”

“ఆడోళ్ళ లెక్క మూలుగుడేంది అల్లుడా!”

అందరం నవ్వేవాళ్ళం. ఒకరోజు వంటింటి గుమ్మానికి ఆనుకొని నిలబడ్డ చెల్లెలు, చంకలో పిల్లను సర్దుకుంటూ, “బాపుకు బదులు నన్ను తోలున్రి. నాకైతే నేర్పే పనే లేదు,” అన్నది. ఆ మాటకు ఇంకా ఎక్కువ నవ్వాం. కాక అయితే కళ్ళు తుడుచుకున్నాడు. అది నవ్వలేదని నాకు ఇప్పుడు గుర్తుకొస్తున్నది, అప్పుడు చూడలేదు.

దానికి నొప్పి మొదటి కాన్పుతో వచ్చింది. ఒకటిన్నర రోజు కష్టపడి ఈ పిల్లను కన్నది. లేచాక నడుము కింద ఎడమపక్క, సరిగ్గా బాపుకు ఉన్నచోటే, ఏదో విరిగి లోపల ఉండిపోయినట్టు ఉందనేది. బాలింతలకు మా దగ్గర పాత చీర ముక్కతో నడుంకట్టు కడతారు, నెలో రెండు నెలలో ఉంచి విప్పేస్తారు. అది విప్పలేదు. మూడేళ్ళు కట్టుకునే ఉంది. విప్పితే రెండు ముక్కలైపోతానేమో అక్కా అనేది. నేను నూనె కాచి రుద్దాను, దవాఖానలో మాత్రలు తెచ్చాను, తాయెత్తు కట్టించాను. తగ్గలేదు. తగ్గకపోయేసరికి నాకే విసుగొచ్చింది, అబద్ధమెందుకు. రోజూ అదే మాట వింటే సొంతవాళ్ళకైనా విసుగొస్తుంది. లైనులో ఆడవాళ్ళు, కాన్పైన ప్రతిదానికీ నడుము నొప్పే, నీ చెల్లెదేమన్న బంగారపు నడుమా అని ఎగతాళి చేసేవాళ్ళు. అది మెల్లగా చెప్పడం మానేసింది. మానేస్తే తగ్గిందనుకున్నాను.

రెండోసారి నెల తప్పాక మనిషి మారిపోయింది. నల్లా కింద బిందె నిండి పొర్లుతున్నా అట్లాగే చూస్తూ నిలబడేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, లేకపోతే వేసేదే కాదు. బాయి సైరను వేళ కాని వేళ మోగితే లోపల ఎవరికో ఏదో అయిందని లైనులో ఆడవాళ్ళమంతా గుమ్మాల్లోకి ఉరికేవాళ్ళం. అది మాత్రం లేచేది కాదు. ఒకనాడు నాతో అన్నది, “అక్కా, ఒక్కోపారి గీ పిల్లను చూస్తే ఎవ్వల పిల్లనో అనిపిస్తది. నా చేతులు నాయి కావు అనిపిస్తది.”

రాయి బిడ్డా, ఆగకు. అది కూడా రాయి. నీ మీద ప్రేమ లేక అన్న మాట కాదు అది. ఆ మాట అన్న తర్వాత నిన్ను ఒళ్ళో వేసుకొని చాలాసేపు ఊగింది. నాకే ఆ మాట వినడం చేతకాలేదు. నోరు మూసుకో, ఎవరన్న వింటే పిచ్చిదంటరు అన్నాను.

ఆ దినాల్లోనే ఒక మేడం వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన చదువుకున్న మనిషి, నూలు చీర, భుజానికి గుడ్డసంచి, సంచి నిండా అచ్చు వేసిన కాగితాలు. బాయి కార్మికుల ఇళ్ళలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఎట్లా ఉంటారు, వాళ్ళ మనసులో ఏముంది, ఒంట్లో ఏ నొప్పి ఉంది అని రాసుకుంటుందట. కాగితాల మీద ఎవరి పేరూ రాయనని, ఇది చదువు కోసమే గానీ ఏ ఆఫీసుకూ పోదని ఇంటింటా చెప్పుకుంటూ వస్తున్నదని తెలిసింది. ఇంకో నాలుగు రోజుల్లో మా లైనుకు వస్తుందన్నారు.

నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకు కారణముంది, నా ఈడువాళ్ళకు అది అర్థమవుతుంది. మాకు కాగితం పట్టుకొని ఇంటికొచ్చే కొత్త మనిషి అంటే ఎంక్వైరీయే. బాపు ఫైలు కదిలినప్పటి నుంచి ఎంక్వైరీ ఎప్పుడైనా రావచ్చని కాచుకొని ఉన్నాం. అల్లుడు నిజంగా ఈ ఇంట్లోనే ఉంటున్నాడా, మొగుడూ పెళ్ళాలు సరిగ్గా కాపురం చేస్తున్నారా, తగాదాలేమైనా ఉన్నాయా అని లైనులో నలుగురినీ అడిగి రాసుకుపోతారని చెప్పేవాళ్ళు. అల్లుడి పెళ్ళానికి మతి సరిగ్గా లేదు అని ఒక్కచోట పడితే, చెల్లెలి మొగుణ్ణి, అంటే మా మరిదిని, వాళ్ళ తరఫువాళ్ళు వెనక్కి తీసుకుపోతే, ఉద్యోగం ఎవరికి? నా లెక్కలో కాగితాలన్నీ చివరికి ఒకే బీరువాలోకి పోతాయి. ఒక కాగితం మీద బాపుకు నొప్పి ఉందని పడాలి, ఇంకో కాగితం మీద చెల్లెకు ఏ నొప్పీ లేదని పడాలి. నాకు తెలిసింది అంతే.

అందుకని ఆ నాలుగు రోజులు దానికి కూడా నేర్పాను. పొద్దున అందరూ డ్యూటీలకు పోయాక, బాపు నిలబడే చోటే దాన్ని కూర్చోబెట్టి, మేడంలా నేనే అడిగాను.

“నిద్ర వడుతదా?”

“రెండు దినాల సంది లేదక్కా.”

“ఛీ, గట్ల కాదే! మంచిగ వడుతది అనాలె. నొప్పి ఉన్నదా?”

“ఉన్నది.”

“లేదు అను.”

“ఉన్నదాన్ని లేదని ఎట్లంటనే?”

“బాపు గంత కష్టపడి నేర్చుకుంటలేడా? నీకేమైంది? నీ మొగని నౌకరీ కోసమే గదనే!”

బాపుకు నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. దానికి నాలుగు రోజులే పట్టింది. నాలుగో రోజు ఏది అడిగినా అద్దంలా చెప్పింది. నేను మెటికలు విరిచి దిష్టి తీశాను.

మేడం వచ్చిన రోజు నేను చెల్లెలి పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ఆమె అడుగుతూ పోయింది, ఇది చెబుతూ పోయింది. నిద్ర మంచిగ వడుతది. ఆకలైతది. నొప్పి ఏం లేదు. మేడం రాస్తూ రాస్తూ ఒకసారి తలెత్తి, దాని నడుముకున్న కట్టు వైపు చూసింది. మీ చెల్లెలితో ఒక్కదానితో మాట్లాడవచ్చా అని నన్ను అడిగింది. “మా ఇంట్ల దాపరికాలు లేవు మేడం, నా ముంగటనే అడుగున్రి,” అన్నాను. ఇంకా ఒక్కటే ప్రశ్న ఉందని, చాలా మెల్లగా, ఎప్పుడైనా ఇక బతకొద్దు అనిపించిందా అమ్మా అని అడిగింది.

చెల్లెలు మేడం వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ ప్రశ్న నేను దానికి నేర్పలేదు. అట్లాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని నాకు తెలియదు. దాని కళ్ళలోకి చూస్తే దానికి ఏం చెప్పాలని ఉందో నాకు అప్పుడే, ఆ చాప మీదే అర్థమైంది. అర్థం కాలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అర్థమైంది. అయినా నేను తల అడ్డంగా ఊపాను. ఇంత, చిన్నగా.

“లేదు మేడం,” అన్నది.

మేడం అది రాసుకుంది. చాయ తాగింది. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి ఒక చీటీ రాసి చెల్లెలి చేతిలో పెట్టి, ప్రతి బేస్తవారం దవాఖాన పక్క గదిలో కూర్చుంటాను, ఊరికే మాట్లాడాలన్నా రా అమ్మా అన్నది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, ఆ చీటీ గుంజుకొని పొయ్యిలో పెట్టాను. పేరున్న కాగితం ఇంట్లో ఉంచడం నాకు భయమైంది. అది కాలుతుంటే చెల్లెలు పొయ్యి పక్కనే నిలబడి చూసింది. నౌకరీ వచ్చాక నువ్వు అడిగిన పెద్ద దవాఖానకల్లా తీసుకుపోతానని దాని గడ్డం పట్టుకొని చెప్పాను. నిజంగానే తీసుకుపోదామనుకున్నాను.

బాపు కొత్తగూడెం పోయి బోర్డు ముందు నిలబడి, నేర్పినట్టే మూలిగి వచ్చాడు. మూలిగేసరికి ఏడుపు కూడా వచ్చిందని, ఆపుకోలేకపోయానని మా ఆయనతో చెప్పి సిగ్గుపడ్డాడట. అన్‌ఫిట్ అయ్యాడు. లైనంతా మిఠాయిలు పంచాం. ఎంక్వైరీ ఒక్కటి మిగిలింది.

తర్వాత రెండు వారాలకు, ఆరో నెల నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం. ఎండలు ముదిరిన రోజులు, గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది, బొగ్గుపొడి గాలికి లేచి చాటలో బియ్యం మీద పడుతున్నది. మరిది ఆఫీసులో ఎవరినో కలవాలని పోయాడు. బాపు వసారాలో కునుకు తీస్తున్నాడు. చెల్లెలు పొద్దున్నుంచి రెండుసార్లు అడిగింది, ఇయ్యాల బేస్తవారమేనా అక్కా అని. ఏ వారమైతే నీకేంది అన్నాను. చీటీ సంగతి నాకు తట్టనే లేదు. ఆ తర్వాత వచ్చి పిల్లకు అన్నం తినిపించమని అడిగింది. నేను అన్న మాట మీకు మొదట్లోనే చెప్పాను.

అదే తినిపించింది. గిన్నె కడిగి బోర్లించింది. పిల్లను నిద్రపుచ్చింది. అప్పుడు బయటికి పోతుంటే నాకు దాని చీర అంచు మాత్రం కనిపించింది, నల్లా దగ్గరికనుకున్నాను. బ్లాస్టింగ్ అయి పిల్ల ఉలిక్కిపడి ఏడిస్తే లోపలికి పోయాను. చాప మీద పిల్ల పక్కన నడుంకట్టు ఉంది. మూడేళ్ళు విప్పనిది విప్పి, దులిపి, చీరలా మడతపెట్టి, పిల్ల చెయ్యి దాని మీద వేసి ఉంది. అది చూసి నేను అరవలేదు. ముందు దాన్ని తీసి పెట్టెలో దాచాను. ఆ తర్వాత అరిచాను.

దవాఖాన పక్క గది ఆ రోజు మూసి ఉందని, మేడం వేరే ఊరికి పోయిందని తర్వాత తెలిసింది. ఇది అక్కడికి పోయి చూసిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. మూడో రోజు గోదావరి మీది పడవవాళ్ళు కబురు తెచ్చారు. అంతకంటే ఎక్కువ చెప్పను.

పోలీసులు అడిగారు. లైనంతా చూస్తున్నది. మరిది గోడవారన మోకాళ్ళలో తల పెట్టుకొని ఉన్నాడు, వాడి కాగితం ఇంకా రాలేదు. “కడుపుతోని ఉన్నది సారూ, కండ్లు తిరుగుతుండె. నీళ్ళ కోసం వంగితే కాలు జారింది,” అని నేనే చెప్పాను. ఎవరూ నేర్పకుండానే చెప్పాను. రాసుకున్నారు. నీళ్ళ దగ్గర కాలు జారి పోయిందనే ఈ పిల్లకు కూడా చెప్పి పెంచాను. ఇన్నేళ్ళు ఆ మాటే నమ్మింది. ఇప్పుడు నా ఎదుట కూర్చొని తన చేత్తోనే ఈ ముక్క రాస్తున్నది.

ఉద్యోగం వచ్చింది. మరిదికి మందమర్రిలో పోస్టింగ్ ఇచ్చారు, ఏడాది తిరిగేసరికి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. రెండు దసరాలకు వచ్చి పిల్లకు బట్టలు పెట్టాడు, తర్వాత రాలేదు. వాణ్ణి నేను తిట్టను. బాపు ఇంకా ఎనిమిదేళ్ళు బతికాడు. ఆ ఎనిమిదేళ్ళలో ఎవరు ఎట్లా ఉన్నావన్నా మంచిగున్నా అనేవాడు. మంచం పట్టి కదలలేనప్పుడు డాక్టరు అడిగినా నొప్పి అనే మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. ఒక్కసారి చెప్పిన దానికే ఇంత ఖర్చైంది అనుకున్నాడేమో, నాకు తెలియదు. నేను అడగలేదు. మా ఇంట్లో ఏదీ అడగకపోవడం అప్పటికే అలవాటైపోయింది.

ఇప్పుడు అవేవీ లేవు. చెమ్మసు పట్టినవాళ్ళలో చాలామంది పోయారు. పాత బాయిలు మూతపడ్డాయి, మా లైనులో సగం క్వార్టర్లు కూలగొట్టారు, మిగిలిన ఇళ్ళ గోడలు ఓపెన్‌కాస్టు దెబ్బలకు చీలుతున్నాయి. ఆడవాళ్ళ నొప్పిని కొలవడానికి బొమ్మలొచ్చాయి, లెక్కలొచ్చాయి, మనసు బాగాలేదంటే పిచ్చి అనని మనుషులొచ్చారు, ఇంటికొచ్చి చెప్పులు విడిచి అడిగే పిల్లలొచ్చారు. మా కాలంలో ఇన్ని ఉంటే అని నా ఈడువాళ్ళు నిట్టూరుస్తారు, నేనూ నిట్టూర్చేదాన్నే. కానీ మొన్న తెర వెనక పడుకొని విన్నాక నాకు తెలిసింది ఒకటే. వచ్చి అడిగేవాళ్ళు మారారు. ఈ ఇంట్లో జవాబు చెప్పేది మాత్రం ఇంకా నేనే, ఈ పిల్ల నోటితో.

కడుపుతో ఉన్న పిల్లకు ఈ సంగతి ఇప్పుడు చెప్పవచ్చా అని మూడు రోజులు ఆలోచించాను. చెప్పినందుకు ఏమవుతుందో నాకు భయమే. చెప్పకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి ఈ భయాన్నే ఎంచుకున్నాను. మంచి చేస్తున్నానో, ఇంకో తప్పు చేస్తున్నానో, సోమవారం ఆ అమ్మాయి వచ్చేదాకా తెలియదు. ఆమె వచ్చినప్పుడు నేను ఇంట్లో ఉండను. గుమ్మం దాటి, లైను చివరికి పోయి కూర్చుంటాను.

బిడ్డా, మొదలుపెట్టినప్పటి నుంచి నువ్వు ఒక్క మాట అనలేదు. కలం ఆగలేదు, కన్నీరు రాలేదు. నన్ను తిట్టినా బాగుండేది. ఇంత నెమ్మదిగా కూర్చోవడం ఎవరి దగ్గర నేర్చుకున్నావో తెలిసే నాకు భయమేస్తున్నది. నా కళ్ళు అక్షరాలను పట్టలేవు, నువ్వు ఏం రాశావో, ఏం వదిలేశావో నాకు తెలియదు. ఆ దిండు నడుము వెనక పెట్టుకో. పైకి చదువు, గోడ అవతలివాళ్ళకు వినబడితే వినబడనీ. మీ అమ్మ అన్నవి మీ అమ్మ అన్నట్టే చదువు. నువ్వు చదువుతుంటే నేను నీ ముఖమే చూస్తాను, పక్కన మాత్రం కూర్చోను. ఊఁ, చదివి వినిపించు.